నీచు ముట్టించని మొక్కు

కాట్రేనికోన,
8 నవంబరు 1998.

వదినగారికి పాపాయమ్మ నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నామనే రాయాలి కాబట్టి అలాగే రాస్తున్నాను. అన్నయ్యగారి కాలు ఎలా ఉంది? గట్టు మీద జారితేనే ఎముక విరిగిందని విని మా ఆయన రెండు రోజులు చెరువు గట్టు మీద చెప్పుల్లేకుండా నడిచేరు. రొయ్యల చెరువు కాపలా అంటే రోజంతా గట్ల మీదే గదా మరి. మాకు దగ్గర్లో ఫోను బూతు ఉంది గానీ అక్కడ మాట్లాడితే మాట ముందు ఊరికి చేరి తరవాత మీకు చేరుతుంది. అందుకే ఉత్తరం.

మీ మనవడు చరణ్‌బాబుకి ఏడో నెల నిండింది. శాంతి పొద్దున్న పాఠాలు చెప్పడానికి బడికి వెళ్తే సాయంత్రం వచ్చేదాకా నా చంక దిగడు. దింపితే పాకుతాడు, పాకితే ఏదో ఒకటి నోట్లో పెట్టుకుంటాడు. అల్లుడుగారు మస్కట్ నుంచి రాసిన ఉత్తరం వాడికి చదివి వినిపిస్తే సగం నమిలేసేడు.

అసలు సంగతి చెబుతాను. మొన్న అమలాపురంలో పిల్లల డాక్టరుగారికి చూపించేం. ఒంట్లో రక్తం కాస్త తక్కువగా ఉందన్నారు. కాస్తే లెండి. చుక్కల మందు రాసేరు. పాలూ జావా ఇక చాలవట. వారానికి రెండు మూడుసార్లు మేక కార్జం గానీ కోడి కార్జం గానీ బాగా ఉడకబెట్టి, మెత్తగా నూరి, అన్నంలో కలిపి పెట్టమన్నారు. "పళ్ళైనా రాలేదు, వీడికి మాంసమేమిటండీ?" అన్నాను. "పళ్ళతో పనేముందమ్మా, నూరేది మీరు కదా" అన్నారాయన.

అన్నప్రాసన నాడు బస్సెక్కుతూ మీరు చెప్పిన మాట నేను మరిచిపోలేదు. అల్లుడుగారు తిరిగొచ్చి వాడపల్లిలో పుట్టువెంట్రుకలు ఇప్పించేదాకా బాబుకి నీచు ముట్టించనని స్వామికి మొక్కుకున్నారు. అల్లుడుగారు రావడానికి ఇంకా పధ్నాలుగు నెలలుంది. డాక్టరుగారేమో ఈ వారమే మొదలెట్టమంటున్నారు. ఏం చెయ్యమంటారు? మీరు సరేనంటే నూరుతాను. లేదంటే లేదు.

మీ జవాబు వచ్చేదాకా మాంసం కొట్టున్న వీధిలోంచి కూడా నడవను.

పాపాయమ్మ


ముక్తేశ్వరం,
15 నవంబరు 1998.

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మీ అన్నయ్యగారికి కట్టు ఇంకో రెణ్ణెల్లు ఉంచాలన్నారు. అన్నీ మంచం మీదే. కాలు విరిగింది గానీ గొంతు విరగలేదు, మంచం మీంచే తోటంతా దున్నుతున్నారు. తుపానుకి తలలు పోయిన చెట్ల చోట పెట్టిన కొబ్బరి మొక్కలకి నీళ్ళు పెట్టించడం, కోతలు చూసుకోవడం, అంతా నా మీదే పడింది. బాబుని చూడాలని ఉన్నా ఇల్లు కదలలేను.

మొక్కు సంగతి. మొక్కు మొక్కేనండి. డాక్టర్లు వస్తారు, పోతారు, స్వామి ఎక్కడికీ పోడు. మా సతీషుకి నాలుగో ఏడు వచ్చేదాకా నీచు అంటే ఏమిటో తెలీదు. ఇవాళ మస్కట్ ఎండలో ఇనుప చువ్వలు మోస్తున్నాడంటే ఆ ఒళ్ళు రాగి జావతో వచ్చిందే. బాబుకి రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి జావ పొయ్యండి. ఖర్జూరం నానబెట్టి పిసికి పెట్టండి. మునగాకు నీడన ఎండబెట్టి పొడి చేసి వేడన్నంలో కలపండి. బెల్లం వెయ్యండి. రక్తం అదే వస్తుంది.

శాంతి బడికోసం పాలు గానీ మాన్పించిందా? అడిగేనని అనుకోకండి, ఇంటి పెద్దదాన్ని గనక అడుగుతున్నాను.

మాంసం మాత్రం వద్దు. కార్జం వద్దు, కోడి వద్దు, చేప వద్దు. ఒక్క ముక్క కూడా వాడి నోట్లో పడకూడదు. ఈ ఒక్క మాట నిలబెట్టండి. మీరు మరేం చేసినా నేను అడ్డం రాను.

అచ్చమ్మ


కాట్రేనికోన,
29 నవంబరు 1998.

వదినగారికి నమస్కారాలు.

శాంతి పాలు మాన్పించలేదండి. మధ్యాహ్నం గంట కొట్టగానే సైకిలు మీద ఇంటికొచ్చి పాలిచ్చి, తను తిన్నా తినకపోయినా మళ్ళీ బడికి పరిగెడుతోంది. ఈ మాట ఉక్రోషంతో రాస్తున్నానని మీకు తెలుస్తూనే ఉంటుంది. తెలియాలనే రాస్తున్నాను.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. మొదటి ఉత్తరంలో 'కాస్త తక్కువ' అని రాసేను. కాస్త కాదు. పదకొండు ఉండాల్సిన చోట ఏడుంది. ఏడని రాయడానికి సిగ్గేసింది. పురుడు మా ఇంట్లో పోసేం, బిడ్డ మా ఇంట్లో పెరుగుతున్నాడు. వాడికి రక్తం లేదంటే 'రొయ్యల చెరువు కాపలావాడి ఇంట్లో పెట్టడానికేముంది' అని మీ వైపువాళ్ళు అనుకుంటారని భయపడ్డాను. మీరు అంటారని కాదు. మీ వాకిట్లోకి వచ్చేవాళ్ళు అంటారు. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలని పెళ్ళిలోనే ఎవరో నా చెవిన పడేలా అన్నారు. ఆ మాట నాలో ఇంకా ఉంది. పరువు కోసం పిల్లాడి జబ్బు తగ్గించి రాసిన అమ్మమ్మ నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మీరు చెప్పినవన్నీ చేసేను. రాగులు, ఖర్జూరం, మునగాకు. మునగాకు ఉమ్మేస్తున్నాడు. కనురెప్ప కింద తీసి చూస్తే ఎరుపన్నదే లేదు. నిన్న వాకిట్లో మట్టి గుప్పిట్లో పెట్టుకు తింటున్నాడు, వేలు పెట్టి తీస్తే గోడ సున్నం కూడా ఉంది నోట్లో. రక్తం లేని పిల్లలు అలాగే చేస్తారని డాక్టరుగారు ముందే చెప్పేరు.

నాకు తోచిన దారి ఒకటి చెబుతాను. స్వామికి ముడుపు కట్టి తప్పు మన్నించమందాం. ఆ ముడుపేదో నేనే కడతాను. మీరు వెళ్ళలేకపోతే మా ఆయన వెళ్తారు, మోకాళ్ళ మీద నడవమన్నా నడుస్తారు. స్వామికి పసివాడి మీద పంతమేముంటుంది?

మీరు నీచు మానేసి ముప్ఫై ఏళ్ళు దాటిందట. అన్నయ్యగారికి వండి పెడతారు గానీ మీరు రుచైనా చూడరని మీ ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. మీ నిష్ఠ ముందు నేనెంతటిదాన్ని? కానీ వదినగారూ, నిష్ఠ మీది, రక్తం వాడిది. ఇంతకంటే గట్టిగా రాయడం నాకు చేతకాదు.

పాపాయమ్మ


ముక్తేశ్వరం,
6 డిసెంబరు 1998.

వదినగారికి,

మొక్కు విడిపించడానికి ముడుపులేం వద్దు. అన్నయ్యగారిని ఎక్కడికీ పంపకండి.

అమలాపురం బస్సులో మా కొబ్బరికాయల యాకోబు వస్తున్నాడు. వాడి చేత మేలురకం ఖర్జూరం, రెండు కేజీల రాగులు పంపుతున్నాను. రాళ్ళు నేనే ఏరేను. చుక్కల మందు మానకుండా వెయ్యండి. ఇంకో డాక్టరుకి చూపించండి, కాకినాడలో పెద్ద డాక్టరైనా సరే, డబ్బు నేను పంపిస్తాను.

మాంసం పసిపిల్లల గొంతుకి కాదండి. ఇంకోసారి అడక్కండి.

అచ్చమ్మ


కాట్రేనికోన,
20 డిసెంబరు 1998.

పూజ్యులైన వదినగారికి,

మీ మాటే మా మాట. మీరు వద్దన్నాక ఈ గుమ్మంలో బాబుకి నీచు వాసన కూడా తగలనివ్వలేదు. వాడి గిన్నె వేరు, గరిటె వేరు. యాకోబు తెచ్చిన రాగులే పోస్తున్నాం, మీ ఖర్జూరమే పెడుతున్నాం. ఇంటి పెద్దలు చెప్పినట్టు వినడం కంటే మాకు తెలిసిందేముంది?

మొన్న శుక్రవారం మళ్ళీ రక్తం చూసేరు. ఆరుకి దిగింది. ఇంకా దిగితే కాకినాడ పెద్దాసుపత్రిలో వేరేవాళ్ళ రక్తం ఎక్కించాలన్నారు. ఇంత చేతికి ఆ సూది ఎలా దిగుతుందో తెలీదు. అంతా స్వామి చూసుకుంటాడు. మొక్కు తప్పలేదు గనక ఆయన తప్పడని మీరన్నట్టే అనుకుంటున్నాం.

అన్నయ్యగారి ఆరోగ్యం జాగ్రత్త.

పాపాయమ్మ


ముక్తేశ్వరం,
27 డిసెంబరు 1998.

వదినగారికి,

ఈ ఉత్తరం మీరొక్కరే చదవండి. శాంతికి చూపించకండి. చదివేక పొయ్యిలో పెట్టండి.

స్వామికి నేనేం మొక్కుకోలేదు. మొక్కు లేదు. బాబుకి ఇవాళే కార్జం పెట్టండి. ఈ ఉత్తరం అందిన పూటే పెట్టండి. మిగతాది తరవాత చదవండి.

మొక్కు అని ఎందుకన్నానో చెప్పకపోతే మీరు నమ్మరు. నమ్మినా, పెద్దదానికి మతి పోయిందనుకుని భయంతో ఆగుతారు. అందుకని చెబుతున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నేళ్ళూ చించుకోలేదు.

సతీషు నా మొదటి కొడుకు కాడు. అంతకుముందు ఒకడు పుట్టేడు. మా మావగారి పేరే పెట్టేం, సూర్యప్రకాశరావు. ప్రకాశం అని పిలిచేవాళ్ళం. ముప్ఫైమూడేళ్ళ కిందట, తొమ్మిదో నెలలో పోయేడు. గాలి సోకి పోయేడని ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ అంటారు. మీ అన్నయ్యగారికి తెలిసిందీ అదే.

అప్పట్లో మాది పెద్ద సంసారం. ముగ్గురు తోడికోడళ్ళం, నేను చిన్నదాన్ని. నాకు పంతొమ్మిదేళ్ళు. ముందు మగవాళ్ళు, తరవాత పిల్లలు, తరవాత అత్తగారు, అందరూ లేచేక మేం తినాలి. మాంసం వండిన రోజు మా వంతుకి పులుసు, ఎముకలు మిగిలేవి. వడ్డన కాకముందు కుండలో గరిటె పెట్టిన కోడలికి దొంగతిండిదని పేరు పడేది. మా పెద్ద తోడికోడలికి అలా పడింది. పోయేదాకా ఆ పేరు ఆవిణ్ణి వదల్లేదు.

కోతల రోజులు. ఊళ్ళో మేకని కోసి పోగులేసుకున్నారు. మాకు రెండు పోగులొచ్చేయి. వండింది నేనే. పొద్దుటినుంచి ఏం తినలేదు, పైగా పాలిచ్చే ఒళ్ళు. మగవాళ్ళు చేలోంచి ఎప్పటికి వస్తారో తెలీదు. ఆ వాసనకి ఆగలేకపోయేను. నాలుగు ముక్కలు కొబ్బరి చిప్పలో వేసుకుని, ప్రకాశాన్ని చంకనేసుకుని గడ్డిమేటు వెనక్కి వెళ్ళేను. అక్కడ కూచుని తింటున్నాను. వాడు చూసేడు. చెయ్యి చాపేడు. నేను ఇవ్వలేదు, ఏడుపు మొదలెట్టేడు. అప్పుడే అత్తగారు 'అచ్చమ్మా' అని పిలుస్తూ దొడ్లోకి వచ్చేరు.

వాడి ఏడుపు వినబడితే నేనక్కడున్నానని తెలిసిపోతుంది. చేతిలో ఉన్న ముక్క వాడి నోట్లో పెట్టేను. నూరలేదు, చిదపలేదు, చూడనైనా లేదు. ఏడుపు ఆగింది. ఆ తరవాత దగ్గు వచ్చింది. దగ్గు వినబడకుండా వాడి నోటికి నా అరచెయ్యి అడ్డం పెట్టేను. ఎంతోసేపు కాదండి. అత్తగారి అడుగుల చప్పుడు నూతి వైపు వెళ్ళేదాకా.

చెయ్యి తీసేక ముందు చిప్ప గడ్డిలో దూర్చేను. ఆ తరవాత వాణ్ణి చూసేను.

కేకేసేను. అందరూ వచ్చేరు. వేలు పెట్టి తియ్యొచ్చని కూడా నాకు తట్టలేదు. తట్టినా, అందరి ముందూ వాడి నోట్లోంచి మాంసం ముక్క తీస్తే అది ఎక్కడిదంటారు? ఈ ఆలోచన నాకప్పుడు వచ్చిందో తరవాత వచ్చిందో నిజంగా తెలీదు. అప్పుడే వచ్చిందని నా భయం.

ఆ రోజంతా అత్తగారు నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. పాలు తాగించేరు. ఆవిడ చెడ్డది కాదు వదినగారూ. ఆకలేస్తోందని అడిగితే పెట్టేదేమో. నేను అడగలేదు.

అప్పణ్ణించి మాంసం ముట్టలేదు. బిడ్డ దిగులన్నారు, తరవాత భక్తన్నారు. పండగలకి ముత్తయిదువలు వచ్చి 'అచ్చమ్మగారి నిష్ఠ మాకూ రావాలి' అని నా కాళ్ళకి దణ్ణం పెడతారు. పెట్టనిస్తాను. వద్దంటే ఎందుకంటారు. సతీషు పుట్టేక వాడి నోటి దగ్గరికి మాంసం వస్తే నా చేతులు చల్లబడేవి. మొక్కు అన్నాను, అందరూ ఊరుకున్నారు. స్వామి పేరు చెబితే ఇంకెవరూ ఏమీ అడగరు. ఆ అలవాటే ఇప్పుడు నా మనవడి మీదికి తెచ్చేను. ఒకణ్ణి పెట్టి చంపేను, ఇంకొకణ్ణి పెట్టనివ్వక చంపబోయేను.

మెత్తగా నూరండి. కార్జం మీది పల్చని పొర తీసెయ్యండి. నూరింది వేళ్ళ మధ్య నలిపి చూడండి, ఉండ తగిలితే మళ్ళీ నూరండి. ఒళ్ళో నిటారుగా కూచోబెట్టుకుని పెట్టండి. ఏడుస్తుంటే పెట్టకండి. మింగేడో లేదో చూసి రెండోది పెట్టండి. ఎవరు పిలిచినా పలక్కండి.

కాకినాడ వెళ్ళకముందే వాడికి రక్తం పట్టాలి. ఏ సంగతీ వెంటనే రాయండి.

అచ్చమ్మ


కార్డు
ముక్తేశ్వరం,
10 జనవరి 1999.

వదినగారికి,

నా కవరు అందిందా? అందితే అందిందని ఒక్క ముక్క రాయండి. ఎక్కువ రాయనక్కర్లేదు. బాబు ఎలా ఉన్నాడు? కాకినాడ వెళ్ళేరా? పోస్టు సుందరరావుని రోజూ అడుగుతుంటే అతనికీ అనుమానం వచ్చింది. కార్డు మీద ఇంతకంటే రాయలేను.

అచ్చమ్మ


కాట్రేనికోన,
20 జనవరి 1999.

వదినగారికి,

కవరు డిసెంబరు ముప్ఫైన అందింది. కార్డూ అందింది. ఇరవై రోజులుగా తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఐదుసార్లు కాగితం తీసేను, ఐదుసార్లు లోపల పెట్టేను. శాంతి 'అత్తయ్య ఏం రాసేరమ్మా' అంటే 'కాలి సంగతే' అన్నాను. మీ ఉత్తరం పొయ్యిలో పెట్టేను. శాంతికి గానీ మా ఆయనకి గానీ ఒక్క మాట చెప్పలేదు. చెప్పను.

ముందు మీరు ఎదురు చూస్తున్న మాట. బాబు బాగున్నాడు. కాకినాడ వెళ్ళలేదు. వెళ్ళాల్సిన పనే రాలేదు.

ఇప్పుడు నేను చెప్పాల్సింది.

మీకు నవంబరు ఇరవైతొమ్మిదిన ఉత్తరం రాసేను గదా. ముప్ఫయ్యో తారీకు సోమవారం పొద్దున్న వాడికి కోడి కార్జం పెట్టేను. మీ జవాబు కోసం ఆగలేదు. మట్టి తింటున్నవాణ్ణి చూస్తూ ఆగలేకపోయేం. శాంతి పెట్టమంది, నేను పెట్టేను. మొదటి రోజు ఉమ్మేసేడు, మొహం చేదు మాత్ర మింగినట్టు పెట్టేడు. మూడోసారికి గిన్నె కనబడితే చాలు, అరచేత్తో నేల కొట్టడం మొదలెట్టేడు. ఆ తరవాత మీ డిసెంబరు ఆరో తారీకు ఉత్తరం వచ్చింది. చదివి, మడిచి బియ్యం డబ్బా కింద పెట్టి, మళ్ళీ కార్జం నూరేను.

ఇంతవరకూ చేసినదానికి నాకు సిగ్గు లేదండి. మళ్ళీ చెయ్యమన్నా చేస్తాను. సిగ్గంతా దీని తరవాతది.

డిసెంబరు పద్దెనిమిదిన రక్తం చూసేరు. ఎనిమిదిన్నర ఉంది. డాక్టరుగారు మెచ్చుకున్నారు. బస్సులో అంతా నవ్వుకుంటూ వచ్చేను. ఆదివారం మీకు ఉత్తరం రాద్దామని కూచున్నాను. బాగుందని రాస్తే ఏమవుతుంది? 'చూసేరా, మా రాగులతోనే వచ్చింది' అంటారు మీరు. పది మందికి చెబుతారు. పిల్లాణ్ణి రక్తం లేకుండా చేసింది అమ్మమ్మ, బాగు చేసింది నాన్నమ్మ అవుతుంది. ఆ ఒక్క మాట భరించలేకపోయేను. అలాగని కార్జం పెట్టేనని చెప్పే ధైర్యమూ లేదు. అందుకని ఆరుకి దిగిందని రాసేను. కాకినాడ, సూది, రక్తం ఎక్కించడం అన్నీ నేను కల్పించినవే. చదివి మీరు నాలుగు రోజులు బాధపడాలని రాసేను. 'పూజ్యులైన' అని మొదలెట్టింది కూడా వెటకారానికే.

మీ నాలుగు రోజుల బాధ నేననుకున్నది. మీ దగ్గర ముప్ఫైమూడేళ్ళది ఉందని నాకేం తెలుసు?

మీ కవరు వచ్చినప్పుడు రోటి దగ్గర కూచుని ఉన్నాను. చేతికి కార్జం అంటుకుని ఉంది. ఆ చేత్తోనే చింపేను. 'ఈ ఉత్తరం అందిన పూటే పెట్టండి' అని చదివి మొదట నవ్వొచ్చింది, గెలిచేననుకున్నాను. మిగతాది చదివేక లేచి చెయ్యి కడుక్కున్నాను. ఎన్నిసార్లు కడుక్కున్నానో తెలీదు. మీరు ఎవరికీ చెప్పుకోని మాట, కట్టుకున్నాయనకి చెప్పని మాట, బిడ్డ ప్రాణం కోసం నాకు చెప్పేరు. ఆ బిడ్డ అప్పుడు నా పక్కనే చాప మీద పొట్ట నిండి పడుకుని ఉన్నాడు. మీరు చెప్పనక్కర్లేదు వదినగారూ. నా కుళ్ళుబోత్తనం మీ చేత చెప్పించింది. ఈ సంగతి నాలోనే దాచుకుని, 'మీ మాట విని పెట్టేం, బాగుపడ్డాడు' అని రాసేస్తే మీకు సుఖంగా ఉండేది. రెండుసార్లు అలాగే మొదలెట్టేను. కానీ అలా రాస్తే ఇంకో అబద్ధం మీ నెత్తిన పెట్టినట్టే అని చింపేసేను.

మీ సంగతి గురించి నేనేమనాలో నాకు తెలీదు. తప్పు లేదని అంటే మీరు నమ్మరు, నేనూ ఊరికే అనను. ఆకలితో ఉన్న పంతొమ్మిదేళ్ళ పిల్లే కనబడుతోంది నాకు. మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే తక్కువ, అందుకని ముందెవరు వెనకెవరు అనే పట్టింపు లేదు, కుండ మధ్యలో పెట్టుకుని అందరం తినేవాళ్ళం. ఆ పేదరికానికి నేను దణ్ణం పెట్టుకోవాలని మొదటిసారి తెలిసింది.

మీరు నన్ను ఏమన్నా పడతాను. బాబుని చూడ్డానికి రావడం మాత్రం మానకండి.

పాపాయమ్మ


ముక్తేశ్వరం,
1 ఫిబ్రవరి 1999.

పాపాయమ్మగారికి,

మీ ఉత్తరం చదివేక రెండు రోజులు మిమ్మల్ని తిట్టుకున్నాను. మూడో రోజు వంట చెయ్యలేదు. మీ అన్నయ్యగారు ఒంట్లో బాగోలేదా అని అడిగేరు. అవునన్నాను. ఆయనకి ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలీదు. కట్టు విప్పేరు, కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నారు.

మిమ్మల్ని క్షమించేనని రాయను. అది రాస్తే అబద్ధం. బిడ్డ ప్రాణం మీద అబద్ధం రాసే చెయ్యి మీకెలా వచ్చిందో నాకర్థం కాదు. మళ్ళీ నా చెయ్యి గుర్తొస్తుంది, ఇంక మిమ్మల్ని అనలేను. అన్నిటికంటే సిగ్గు ఎక్కడంటే, ఇప్పుడు ఈ లోకంలో నా సంగతి తెలిసిన మనిషి ఒకరున్నారు, ఆ మనిషి మీరు. మీ ఎదట ఎలా కూచోవాలో తెలీదు. పెళ్ళిలో మీకంటే ఎత్తు పీట వేయించుకున్నదాన్ని.

నిన్న పొద్దున్న గిన్నెలు తోముతుంటే ఒక మాట తట్టింది. డిసెంబరు నెలంతా వాడి నోట్లో మాంసం పడకూడదని నేను దేవుడి ముందు కూచుని ఉన్నాను. అన్ని రోజులూ వాడు తింటూనే ఉన్నాడు. తిని, మింగి, ఇంకా కావాలని నేల కొట్టేడు. మాంసం నోట్లో పెట్టుకున్న పసివాడు అనగానే ముప్ఫైమూడేళ్ళుగా నా కళ్ళకి కనబడేది ఒక్కడే. రెండోవాడు కూడా ఉన్నాడని మీ ఉత్తరం చదివితే గానీ తెలీలేదు. వాడు మింగడం నేను నా కళ్ళతో చూడాలి. వినడం చాలదు.

వచ్చే ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. మేక కార్జం తెప్పించి ఉంచండి. పొర నేను తీస్తాను, నేనే నూరతాను. శాంతిని ఏదో పని చెప్పి పక్కింటికి పంపండి. బాబుని నా ఒళ్ళో కూచోబెట్టి గిన్నె నా చేతికివ్వండి. మీరు పక్కనే కూచుని నా మణికట్టు పట్టుకోండి. వాడు దగ్గినా భయపడి గిన్నె మాత్రం నా చేతిలోంచి తీసుకోకండి.

అచ్చమ్మ